వేలు తియ్యి

నేను రిటైరై ఏడాది దాటింది. వయసు ఇరవై తొమ్మిది. సన్మానం జరగలేదు, శాలువా ఎవరూ కప్పలేదు. చివరి రోజు రిసెప్షన్ అక్క మాత్రం "పొయ్యేటప్పుడు నా చార్జర్ ఇచ్చి పో" అంది. అలాంటి వీడ్కోలు పొందినవాడు ఉద్యోగ జ్ఞాపకాలు రాయవచ్చా అంటే, రాయక తప్పడం లేదు. ఈ పనిలోకి కొత్తవాళ్లు వస్తున్నారు. మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, చిన్నపిల్లలతోని నోట్ల వేలు మాన్పిచ్చుడు ఎట్ల?" అని అడిగాడు. ఫోన్లో చెప్పగలిగింది చెప్పాను. మిగిలింది ఇది.

జగిత్యాలలో ఒక పిల్లల పళ్ల దవాఖాన. సోమవారం సిరిసిల్లలో, శుక్రవారం కోరుట్లలో కూడా కూర్చునేవాళ్లం. నేను డాక్టర్ని కాను. చదివింది బీకాం, తీసుకున్నది బిల్లులు కొట్టడానికి. చేరిన కొత్తలో ఒక పిల్లవాడు కుర్చీ ఎక్కనని తలుపు పట్టుకుని వేలాడుతున్నాడు. నేను వెళ్లి, తలుపుకే పిప్పి పళ్లున్నాయేమో చూద్దామని గొళ్లెం రంధ్రంలోకి టార్చి వేశాను. వాడు ఏడుపు ఆపి నాతో పాటు చూశాడు. డాక్టరమ్మ ఆ రోజే నన్ను బిల్లుల నుంచి తప్పించింది. బిల్లులు సరిగ్గా రావడం కూడా ఆ రోజు నుంచే మొదలైందని అక్క అంటుంది.

అప్పటి నుంచి నోట్లో వేలు పెట్టుకునే పిల్లలందరూ నా వంతు. తల్లులు నన్ను "వేలు సారు" అనేవాళ్లు. మా అమ్మ మాత్రం వాడకట్టులో "మావోడు దవాఖానల ఆఫీసరు" అని చెప్పుకునేది. చెప్పుకోనిచ్చాను.

డాక్టరమ్మ పద్ధతి మెత్తనిది. కారం రాయొద్దు, వేపాకు రాయొద్దు, నలుగురిలో సిగ్గు తీయొద్దు. వేలు ఎప్పుడు నోట్లోకి పోతున్నదో ముందు చూడు. నిద్రకా, ఆకలికా, తోచకనా, భయానికా. ఆ సమయానికి చేతికి వేరే పని చూపించు. మానిన రోజు మెచ్చుకో, మానని రోజు ఊరుకో. ఇంట్లోవాళ్ల తరఫున పిల్లలకు ఏ మాటా ఇవ్వొద్దు. ఇంతే. వినడానికి అరనిమిషం, చేయడానికి నెలలు.

ఎందుకంటే మా దగ్గరకు వచ్చేసరికి పిల్లల మీద ఇంటి వైద్యాలన్నీ అయిపోయి ఉండేవి. కోరుట్ల దిక్కు బీడీలు చేసే తల్లులు ఎక్కువ. చేదుకు మానుతారని వేలికి తంబాకు పొడి రాసేవాళ్లు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచీ తంబాకు వాసన వచ్చే చేతి ముద్దలే తిన్నవాళ్లు. వేలికి ఆ పొడి రాస్తే అమ్మ చెయ్యే అనుకుని ఇంకా గట్టిగా చీకేవాళ్లు. సిరిసిల్లలో, ఇంట్లోనే సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే తల్లి ఒకామె కొడుకును తెచ్చింది. మగ్గాలు దడదడమంటుంటే హాయిగా పడుకుంటాడట, కరెంటు పోయి అవి ఆగితే ఉలిక్కిపడి లేచి వేలు నోట్లో పెట్టుకుంటాడట. డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించింది. నేను ఇన్వర్టర్ రాయమన్నాను. అందరూ నవ్వారు. నేను ఏం చెప్పినా నవ్వడం మా దవాఖానలో అలవాటుగా మారింది. ఈ అలవాటు సంగతి గుర్తు పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇక అసలు కేసు.

ఒక శుక్రవారం మేడిపల్లి నుంచి ఒక ముసలామె మనవరాలిని తీసుకుని కోరుట్లకు వచ్చింది. కొడుకు కూతురు. నాయనమ్మను మా దిక్కు బాపమ్మ అంటాం. పిల్లకు ఆరేళ్లు, ఒకటో తరగతి. తల్లి ఆ రోజు బీడీలు అప్పజెప్పాలి, రాలేదు. తండ్రి మస్కట్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. పిల్ల చంకన ఉన్నప్పుడు వెళ్లాడు, మళ్లీ రాలేదు.

పై ముందుపళ్లు కొద్దిగా బయటికి వచ్చాయి. కుడి బొటనవేలు నానబెట్టిన శనగగింజలా ముడతలు పడి తెల్లగా ఉంది.

"ఎప్పుడు పెట్టుకుంటది బాపమ్మా?" అన్నాను.

"పండంగ పెడ్తది. మల్ల వీళ్ల నాయిన ఫోన్ జేసినప్పుడు పెడ్తది. ఫోన్ మోగుడే ఆలస్యం, బుక్కున లోపటికి పోతది. ఫోన్ గూడ తక్కువ సేపా, గంట."

"గంటసేపు ఏం మాట్లాడుకుంటరు?"

"ఆడు వేలు తియ్యి అంటడు. ఇది తీస్తది. మల్ల పెడ్తది. ఆడు మల్ల అంటడు. ఏం మాట్లాడుకుంటరు కొడుకా, గదే."

"మీ కొడుకు మస్కట్ ఎందుకు పోయిండు, ఇక్కడ పని లేదా?"

"మా ముసలాయన తాడెక్కేటోడు, కల్లు గీసేటోడు. వీడు ఇమానమెక్కిండు. పైకెక్కుడు మా ఇంట్ల బందు గాదు" అంది బాపమ్మ. ఆ రోజు నాకంటే బాగా జోకు వేసిన మనిషి ఆమె ఒక్కతే.

గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. అందుకే మేం మాట్లాడుతుండగానే ఫోన్ మోగింది. పిల్ల ఫోన్ అందుకునే లోపే వేలు నోట్లోకి పోయింది. దాన్నే బయటికి తీసి పచ్చ గుర్తును జరిపింది. జరగలేదు. రెండోసారీ జరగలేదు. బాపమ్మ కొంగుతో అద్దం తుడిచి తానే జరిపింది.

"తడి వేలికి ఫోన్ గూడ పల్కది సారూ" అంది నాతో.

తెర మీద ఒక మనిషి, వెనుక రెండంతస్తుల ఇనుప మంచాలు, వాటి మీద ఆరేసిన లుంగీలు.

"వేలు తియ్యి బిడ్డా."

తీసింది.

"శాబాష్. మల్ల పెట్టద్దు."

పెట్టింది.

"తియ్యి అన్ననా లేదా. గట్ల జేస్తే నీకు చాక్లెట్లు పంప."

తీసింది. పెట్టింది. ఆయన ఒకసారి కోపంగా అన్నాడు, ఒకసారి బతిమాలాడు, ఒకసారి నవ్వాడు, ఒకసారి పోలీసులను పిలుస్తానన్నాడు. పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. ఫోన్ వెలుగు అనుకున్నాను.

పని తేలికే అనిపించింది. నిద్రకు ఒక ఉపాయం: సిరిసిల్ల నుంచి తెచ్చిన మెత్తని బట్ట ముక్కతో వేలికి బొమ్మ తొడుగు కుట్టించాం. దానికి కళ్లు, ముక్కు బాపమ్మ కుట్టింది. మూతి కుట్టడం మరిచిపోయింది. "మంచిదే, ఇగ అది గూడ వేలు చీకది" అంది. ఫోన్‌కు ఒక ఉపాయం: ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకోవాలి, అది పిల్ల డ్యూటీ. మూడోది తండ్రికి. వేలి ఊసే ఎత్తొద్దని, చూసినా చూడనట్టు ఉండమని నేను ఆయనకు వాయిస్ మెసేజ్ పెట్టాను. "సరే సార్, మీరెట్లంటే గట్ల" అని జవాబు వచ్చింది.

మానింది. ముందు రాత్రి, తరువాత ఫోన్ దగ్గర. పండుగలోపే వేలి ముడతలు పోయి మామూలు రంగు వచ్చింది. డాక్టరమ్మ ఆ కేసును ఇంకో ఇద్దరు తల్లులకు ఉదాహరణగా చెప్పింది. నేను కాలర్ సర్దుకున్నాను. అక్క "టీషర్టుకు కాలర్ ఏడిదిరా" అంది.

కొన్ని వారాల తరువాత బాపమ్మ ఒక్కతే వచ్చింది. కూరగాయలకు కోరుట్ల వచ్చిందట, దారిలో దిగింది.

"వేలు మానింది సారూ."

"మంచిదే గద."

"ఫోన్ గూడ మానింది."

కూర్చోమన్నాను. ఆమె సంచి కింద పెట్టి చెప్పింది. "వేలు గురించి అనద్దని నువ్వంటివి. ఆడు అంటలేడు. ఇగ ఏమనాల్నో ఆనికి ఎర్కలేదు. తిన్నవా అంటడు, తిన్న అంటది. బడికి పోయినవా అంటడు, పోయిన అంటది. అమ్మకియ్యి అంటడు. ఐపాయె. ఇది ఫోన్ ఇచ్చి అక్కడ్నే కూసుంటది. వాళ్లమ్మ మాట్లాడినంత సేపు ఫోన్ ఎనుకదిక్కు చూస్తది."

ఫోన్ వెనుకవైపు ఏముంటుంది. కంపెనీ పేరు ఉంటుంది.

ఆయనకు కూతురు తెలియదు. తెలిసే అవకాశం లేదు. ఆమెకు ఏ కూర ఇష్టమో, బడిలో పక్కన ఎవరు కూర్చుంటారో, దేనికి భయపడుతుందో ఆయన చూడలేదు. చూసింది ఒక్క వేలు. వాళ్లిద్దరి మధ్య ఉన్న ఒకే ఒక్క ముచ్చటను మేం చక్కగా, మెత్తగా, కారం రాయకుండా తీసేశాం.

నేను ఊరుకోలేదు. బిడ్డతో ఏం మాట్లాడాలో తండ్రికి వాయిస్ మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టాను. పెళ్లి కాని నేను, ఇద్దరు చెల్లెళ్లకు పెళ్లి చేసి గల్ఫ్‌లో ఎండకు మాడుతున్న మనిషికి పాఠాలు చెప్పాను. బడిలో ఎవరు ఎక్కువ అల్లరి చేస్తారో అడుగు అన్నాను. మరుసటి రోజు ఆయన జవాబు: "సార్, గది అడిగిన. ఎవలు జెయ్యరు అన్నది. ఇప్పుడు ఏం అడగాలె?"

నీ గురించి చెప్పు, అక్కడ ఏం చూశావో చెప్పు అన్నాను.

"ఏం జూసిన సార్. పలకలు, రాడ్లు. రూముల అందరుంటరు, నేను బిడ్డతోని ముచ్చట పెడితే పక్క మంచపోడు నవ్వుతడు. తిట్టేటప్పుడైతే నవ్వరు. వాళ్లు గూడ ఇంటికి ఫోన్ జేసి తిడ్తరు గద."

ఆ తరువాత నేను మెసేజ్‌లు పంపడం మానేశాను.

వేలు తిరిగి నోట్లోకి వెళ్లింది. నిద్రలో కాదు. రాత్రి తొడుగు లేకుండానే హాయిగా పడుకునేది. ఫోన్ మోగగానే, మెలకువతో, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, తండ్రికి బాగా కనిపించేలా పెట్టుకునేది. ఆయన నాకిచ్చిన మాట కొన్నాళ్లు నిలబెట్టుకుని చూశాడు, తరువాత ఉండబట్టలేక అన్నాడు. "వేలు తియ్యి బిడ్డా." ఆ రోజు ఫోన్ మళ్లీ గంట నడిచిందని బాపమ్మ చెప్పింది.

ఎండాకాలంలో ఆయన సెలవు మీద వచ్చాడు. మనిషే వచ్చాక వేలితో పనేముంది అనుకున్నాం. మనిషి వచ్చాడు గానీ ముచ్చట ఆయన సామాన్లలో రాలేదు. పిల్ల పొద్దున లేచిన దగ్గర నుంచి ఆయన ఎదురుగా కూర్చుని వేలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇదివరకు రోజుకు గంట, ఇప్పుడు రోజంతా. పైగా ముందు పాలపళ్లు ఊడి, కొత్తవి మొలిచే సమయం.

శుక్రవారం ఆయనే తీసుకుని వచ్చాడు. కొత్త చొక్కా, అత్తరు. పళ్ల దవాఖాన సిబ్బంది అందరికీ ప్రేమగా చాక్లెట్లు పంచాడు. డాక్టరమ్మ కూడా ఒకటి తీసుకుంది, కాదనలేక.

"మేడం, నేను పొయ్యే లోపట గీ పని కావాలె. వేరే ఏదన్న మిషనుంటే పెట్టుండ్రి. పళ్లు ఎత్తుగైతే రేపు దానికే కష్టం."

ఉంది. చివరి దారిగా వాడేది. పైపళ్ల వెనుక, అంగిట్లో, చిన్న కంచెలాంటి తీగ అమరుస్తారు. వేలు పెడితే ఇనుము తగులుతుంది, హాయి ఉండదు. నొప్పి ఉండదు, కొన్నాళ్లు మాట కొద్దిగా నత్తిగా వస్తుంది. పిల్ల ఒప్పుకుంటేనే పెడతానంది డాక్టరమ్మ. పిల్లను అడిగింది. పిల్ల తండ్రిని చూసి "డాడీ ఎట్లంటే గట్ల" అంది.

నేను ఉండలేక అన్నాను: "మేడం, తీగ పాపకు వద్దు. ఈ అన్న నోట్ల పెడదాం. ఆయన నాలికెనే కదుల్తలేదు."

అందరూ నవ్వారు. అక్క నవ్వింది, తండ్రి అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న అలవాటు ఇదే. తమాషా మనిషని పేరు పడ్డాక, ఇల్లు అంటుకున్నదని చెప్పినా ముందు చప్పట్లు కొడతారు.

ఈసారి నవ్వు ఆగేదాకా ఉండి, జోకు లేకుండా చెప్పాను. "అన్నా, నువ్వు వేలు తియ్యి అంటవని పెట్టుకుంటంది. అది గాక నువ్వు దానితోని ఇంకేం మాట్లాడ్తలేవు."

ఆయన ముఖం మారింది. "గదేం మాట సార్. నా బిడ్డతోని నేను మంచిగనే ముచ్చట పెడ్త. కావాలంటే సూడుండ్రి."

కుర్చీ కూతురి వైపు తిప్పుకున్నాడు. పిల్ల నిటారుగా కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. డాక్టరమ్మ, అక్క, నేను, అందరం చూస్తున్నాం. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తిన్నవా?"

"తిన్న."

పక్కనే కూర్చుని ఇద్దరూ పొద్దున ఒకే పళ్లెంలో తిని వచ్చినవాళ్లే.

ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. గోడ మీద పళ్లు తోముకునే ఎలుగుబంటి బొమ్మ వైపు చూశాడు. చొక్కా గుండీ సవరించుకున్నాడు. "మరి..." అన్నాడు. ఆగాడు. పిల్ల ఆయననే చూస్తున్నది. ఆమెకే జాలి వేసినట్టుంది. మెల్లగా చెయ్యి ఎత్తి వేలు నోట్లో పెట్టుకుంది.

"వేలు తియ్యి బిడ్డా" అన్నాడు ఆయన, ఒడ్డు దొరికినవాడిలా.

ఇద్దరి ముఖాలూ తేటపడ్డాయి.

డాక్టరమ్మ అది చూసింది. చూసి, పంటి కొలత తీయడానికి ముద్ద కలపమని అక్కకు చెప్పింది. ఆమెను నేను తప్పుపట్టను. కొత్త పళ్లు ఎవరి ముచ్చట కోసమూ ఆగవు, పళ్లు చూడడం ఆమె పని. తండ్రీకూతుళ్ల ముచ్చటకు వైద్యం చేసే డాక్టరు జగిత్యాల జిల్లాలో లేడు. ఉంటే అపాయింట్‌మెంట్ దొరికేది కాదు.

తరువాతి శుక్రవారం తీగ అమర్చారు. పిల్ల ఏడవలేదు. తండ్రి ఫోన్‌లో వీడియో తీశాడు. ఆ వారంలోనే విమానమెక్కాడు.

వేలు ఇక నోట్లోకి పోలేదు. పిల్లను చూపించడానికి తెచ్చినప్పుడల్లా బాపమ్మ ఇంటి సంగతులు చెప్పేది. ఇప్పుడు ఫోన్ ఎలా నడుస్తున్నదని అడిగాను.

"మంచిగ నడుస్తంది. తీగ చూపియ్యి బిడ్డా అంటడు. ఇది నోరు తెరుస్తది. వంగిందా అంటడు. వంగలే అంటది. అన్నం ఇరికిందా అంటడు. ఇరికింది అంటది, ఇరకకపోయినా. కడుక్కో అంటడు. కడుక్కొని అచ్చి మల్ల చూపిస్తది."

"ఎంతసేపు?"

"గంట" అంది బాపమ్మ.

మా దవాఖానలో ఇలాంటి లాభం ఇంకెవరికీ కలగలేదు.

చలికాలంలో తీగ తీసేసే రోజు వచ్చింది. కొత్త పళ్లు బాగా దిగుతున్నాయి, అలవాటు పోయింది, ఇంకా ఉంచితే మంచిది కాదు. పిల్ల కుర్చీ ఎక్కింది, పడుకుంది, నోరు మూసుకుంది. డాక్టరమ్మ అడిగింది, తెరవలేదు. బాపమ్మ అదిలించింది, తెరవలేదు. నా పాత ఉపాయంగా తలుపు గొళ్లెంలోకి టార్చి వేశాను. ఆ పిల్ల గొళ్లెం వైపు చూడను కూడా లేదు.

"నొస్తదని భయమా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"మరేంది?"

పెదవులు కొంచెమే తెరిచి, తీగ మాకు అందకుండా, అడిగింది. "గిది తీసేస్తే డాడీ ఏం జూస్తడు?"

అక్క కంప్యూటర్ వైపు తిరిగి ఏదో కొట్టడం మొదలుపెట్టింది. కంప్యూటర్ ఆన్ చేసి లేదు.

"కొత్త పన్ను అస్తంది గద. అది చూపియ్యి" అన్నాను.

"మొత్తం అచ్చినంక?"

"దాని పక్కది అస్తది."

పిల్ల ఆలోచించింది. లెక్కల్లో గట్టిదని వాళ్ల బాపమ్మ ముందే చెప్పింది.

"అన్నీ అచ్చినంక?"

అప్పటికి మీ డాడీ వచ్చేస్తాడు అనడం చాలా తేలిక. ఆ గదిలో అందరి నోటిదాకా వచ్చిన మాట అదే. ఇంట్లోవాళ్ల తరఫున మాట ఇవ్వొద్దన్నది డాక్టరమ్మ పాఠం. ఎవరమూ అనలేదు.

"అప్పటికి నువ్వే పెద్దగైతవు తియ్యే. నోరు తెరువు, బస్సు పోతది" అంది బాపమ్మ.

తెరిచింది. తీగ వచ్చేసింది. కడిగి, చిన్న డబ్బాలో పెట్టి ఇమ్మని పిల్ల అడిగితే ఇచ్చాం. డాక్టరమ్మ అద్దం పట్టి పళ్లు చూపించింది. చక్కగా, వరుసగా ఉన్నాయి. కుడి బొటనవేలు ఎడమదానిలాగే ఉంది. ఏది చీకిన వేలో చెప్పలేరు. నా ఉద్యోగంలో ఇంత బాగా కుదిరిన కేసు ఇంకొకటి లేదు.

చెప్పులు వేసుకుంటుండగా మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. పిల్ల బాపమ్మ చేతిలోంచి అందుకుని పచ్చ గుర్తును తానే జరిపింది.

"తీసిండ్రా? ఏదీ, చూపియ్యి."

పిల్ల నోరు పెద్దగా తెరిచింది. మెట్ల మీద ఎండ పడుతున్నది, బాగా కనిపించాలని ముఖం ఎత్తి ఎండలోకి తిప్పింది. తెర మీద మనిషి కళ్లు చిట్లించి చూశాడు.

"మంచిగైనయి" అన్నాడు.

తెర మీద ఆయన వెనుక ఇనుప మంచం ఒకటి కిర్రుమంది. పిల్ల నోరు తెరిచే ఉంచింది.

"సరే బిడ్డా. అమ్మకియ్యి."

"అమ్మ ఇంటికాడున్నదిరా" అంది బాపమ్మ వెనుక నుంచి.

"గట్లనా. అయితే కట్ చెయ్యి. ఇంటికి పోయినంక జేస్త."

పిల్ల నోరు మూసుకుంది. బొటనవేలు ఎర్ర గుర్తు మీద పెట్టింది. పొడి వేలు. ఒక్క నొక్కుకే కట్ అయింది.